రేపటి మనిషి పేరిట జిమ్ ఫీజు

వ్యాయామం చేయనివాడికి బద్ధకస్తుడని పేరు పెట్టడం తేలిక. నడిస్తే మంచిదని తెలియనివాళ్లు ఇప్పుడెవరున్నారు? తిరకాసంతా మన మీద మనం వేసుకునే అంచనాలో ఉంది. డెల్లావిన్యా, మాల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలో మూడు జిమ్‌లకు చెందిన 7,752 మంది హాజరు లెక్కలు తిరగేసి 2006లో ఒక పత్రం ప్రచురించారు. పదిసార్లకు సరిపడే పాస్ కొంటే ఒక్కోసారికి 10 డాలర్లే. నెలవారీ సభ్యులు మాత్రం 70 డాలర్లకు పైగా కట్టి, నెలకు సగటున నాలుగుసార్లకు కాస్త పైన మాత్రమే వెళ్లారు. అలా ఒక్కోసారికి 17 డాలర్లు దాటింది. పూర్తిగా మానేశాక కూడా కార్డు రద్దు చేసుకోవడానికి సగటున రెండు నెలలకు పైనే పట్టింది! వీళ్లకు లెక్కలు రాక కాదు. ఫీజు కట్టేటప్పుడు వీళ్ల కళ్ల ముందున్నది రోజూ ఠంచనుగా లేచే రేపటి మనిషి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు.

ఆ రేపటి మనిషికి తెల్లవారుజామున అయిదింటికి అలారం మోగుతుంది. అప్పుడతనికి గుండెజబ్బు గుర్తుకు రాదు. చలి, షూ లేసులు, సందు మలుపు తిరిగేసరికి పట్టే ఆయాసం గుర్తుకొస్తాయి. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో చూపించింది ఇదే: వ్యాయామం ఎంత బాగుంటుందో ముందుగా చెప్పమంటే జనం తక్కువ చేసి చెబుతారు, చేశాక అంతకంటే బాగుందంటారు. కష్టంగా ఉండే మొదటి నిమిషాలనే మొత్తంగా ఊహించుకోవడం వల్ల వచ్చే తప్పు ఇది. అందుకే మొదటిరోజే ఒళ్లు హూనం చేసే కోచ్‌లను నేను నమ్మను.

ఇదంతా సోమరులకు సాకు అందించడమేనని, పట్టుదల ఉంటే చాలని కొందరంటారు. కానీ 2021లో 61,000 మందికి పైగా అమెరికా జిమ్ సభ్యుల మీద 54 రకాల ఉపాయాలు పరీక్షించారు. అన్నిటికంటే బాగా పనిచేసింది, ఒకరోజు ఎగ్గొట్టి తిరిగి వచ్చినవారికి చిల్లరపాటి బహుమతి. అంటే ఎగ్గొట్టడం మామూలేనని ముందే ఒప్పుకున్న పథకం గెలిచింది. అయితే నాలుగు వారాలు గడిచాక ఫలితం నిలిచిన ఉపాయాలు నూటికి 8 మాత్రమే కాబట్టి, వీటిని మంత్రాలనుకోకూడదు.

ఇంతకంటే బరువైన అభ్యంతరం తీరికది. 2022 నాటికి మన దేశంలో తగినంత శారీరక శ్రమ లేని పురుషులు నూటికి 42 మంది, స్త్రీలు 57 మంది అని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక లెక్క తేల్చింది. ఏడింటికల్లా లంచ్ బాక్సులు కట్టి ఆఫీసు బస్సు అందుకోవాల్సిన ఆమె దగ్గర పైన చెప్పిన మనస్తత్వశాస్త్రం పెద్దగా పనికిరాదు. ఆమె నడకకు వెళ్లే అరగంట పొయ్యి దగ్గర ఇంట్లో ఇంకొకరు నిలబడాలి.