చిలకమ్మ పరాయి కాపురం

కొత్త దంపతులు కాస్త అన్యోన్యంగా కనిపిస్తే చాలు, "చిలకా గోరింకల్లా ఉన్నారమ్మా!" అని మురిసిపోతాం. నిజానికి చిలక జాతి వేరు, గోరింక జాతి వేరు. రెండూ కలిసి కాపురం చేసిందెక్కడ? అయితే వీటి మధ్య ఇంకో పొత్తుంది. రెండూ మన పెరటి పిట్టలే, రెండూ సముద్రాలు దాటి వెళ్ళి అక్కడి పిట్టలకు బెడదగా మారినవే!

గోరింకల్ని పురుగుల్ని తింటాయని 1862లో మెల్‌బోర్న్‌లో వదిలారు. ఇప్పుడవి అక్కడి చిలకల తొర్రల్నే ఆక్రమించుకుంటున్నాయట. చూశారా వాటి అన్యోన్యం!

ఇక చిలకమ్మ కథ. కూతురి పురిటికని లండన్ వెళ్ళిన మా పిన్ని ఫోన్ చేసి, "ఏమే, ఇక్కడా మన రామచిలకలున్నాయే! పొద్దున్నే పెరట్లో ఒకటే గోల. పుట్టింటివాళ్ళు వచ్చినట్టుంది" అని సంబరపడింది. పక్కింటి పెద్దావిడకు మాత్రం ఆ చిలకలంటే ఒళ్ళుమంట. పిచ్చుకల కోసం ఆవిడ వేలాడదీసిన గింజల దగ్గరికి వేరే పిట్టను రానివ్వవని గొణుగుతుందట. పిన్ని సంబరం, ఆవిడ చిరాకు, రెండూ విన్నాక ఈ సంగతేమిటో చదవాలనిపించింది.

ముందుగా, అంత చలిదేశానికి చిలక ఎలా వెళ్ళింది? దీనిమీద లండన్‌లో బోలెడు కథలు. జిమి హెండ్రిక్స్ అనే గిటారు విద్వాంసుడు ఓ జంటను వీధిలో వదిలాడని ఒకటి, 1951 నాటి సినిమా షూటింగ్‌లోంచి తప్పించుకున్నాయని మరొకటి. 2019లో అక్కడి పరిశోధకులు పాత రికార్డులు, పత్రికలు తిరగేసి, ఈ కథలకు ఆధారం లేదని తేల్చారు. అసలు సంగతి చాలా మామూలుది. ఇళ్ళలో పంజరాల్లో పెంచుకున్నవి కొన్ని తప్పించుకున్నాయి. ముద్దు తీరాక కొన్నిటిని యజమానులే వదిలేశారు. 1929-30ల్లో చిలకల నుంచి మనుషులకు అంటే జ్వరం గురించి పత్రికలు హోరెత్తించాయి. ఆ భయంతోనూ కొందరు పంజరం తలుపు తెరిచి ఉంటారని వాళ్ళ ఊహ. 1969 నుంచి ఇంగ్లండులో ఇవి బయట గూళ్ళు పెట్టి, పిల్లల్ని చేస్తూ స్థిరపడ్డాయి.

బ్రసెల్స్‌ది మరో కథ. 1974లో ఒక వినోద పార్కువాళ్ళు ఊరికి రంగు తేవాలని 40 చిలకల్ని గాలిలోకి వదిలారు. ఇప్పుడు ఆ నగరంలో వాటి సంతానం వేలల్లో ఉంది. ప్రపంచం మొత్తం మీద 35కు పైగా దేశాల్లో ఇవి ఇలా కాపురం పెట్టాయి.

ఇవి ఎక్కడి చిలకలో కూడా శాస్త్రజ్ఞులు ఆరా తీశారు. 2015లో వెలువడిన జన్యు పరీక్షల ప్రకారం యూరప్ చిలకల్లో ఎక్కువభాగం పాకిస్తాన్, ఉత్తర భారతం వైపువి. అక్కడి శీతాకాలానికి తట్టుకున్న జాతి గనుక యూరప్ చలి వాటికి కొత్త కాలేదు. దానికి తోడు నగరాల వెచ్చదనం, తోటల్లో పళ్ళు, మొగ్గలు, జనం పెట్టే గింజలు. ఇంకేం కావాలి?

అంటే ఇవి తమంతట తాము ఎగిరి వెళ్ళినవి కావు. మన చెట్ల తొర్రల్లో చెయ్యిపెట్టి లాగిన పిల్లలు, మన తోపుల్లో వలవేసి పట్టిన చిలకలు బుట్టలకెక్కి, ఓడలకెక్కి, విమానాలకెక్కి సరుకులా వెళ్ళాయి. మన దేశం 1990-91లో స్వదేశీ పిట్టల వ్యాపారాన్ని నిషేధించింది. అడవిలో పట్టిన పిట్టల దిగుమతిని యూరప్ దేశాల కూటమి 2007లో శాశ్వతంగా ఆపేసింది. అప్పటికే చిలకమ్మ అక్కడ బామ్మ అయి కూర్చుంది!

సరే, ఉంటే ఏమవుతుందంటారా? చిక్కంతా గూటి దగ్గర. చిలక పుల్లలతో గూడు అల్లదు. వడ్రంగిపిట్ట తొలిచిన తొర్రో, పాత చెట్టు బోలో చూసుకుని, ముక్కుతో కాస్త వెడల్పు చేసుకుని అందులో మూడు, నాలుగు గుడ్లు పెడుతుంది. యూరప్‌లోనూ చలికాలం పోతూ ఉండగానే తొర్ర వెతుక్కుంటుంది. స్థానిక పిట్టలు తీరిగ్గా వచ్చేసరికి ఇల్లు పోయి ఉంటుంది. తొర్రల్లో గూడు పెట్టే చిన్నపిట్టలు ఒకటి రెండు ఇలా చోటు కోల్పోతున్నాయని బెల్జియంలో గమనించారు.

స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో జరిగింది వింటే మనసు చివుక్కుమంటుంది. అక్కడొక పార్కులో యూరప్‌లోని అతిపెద్ద గబ్బిలాల్లో ఒక జాతి చెట్టు తొర్రల్లో ఉంటుంది. చిలకలు వాటిమీద పడి పొడిచి చంపడం కూడా చూశారు. 2018లో వచ్చిన పరిశోధన ప్రకారం 14 ఏళ్ళలో చిలకలు 20 రెట్లు పెరిగితే, గబ్బిలాలున్న చెట్లు 81 శాతం తగ్గాయి.

మరి మన దగ్గర చిలక మంచిదై, అక్కడ చెడ్డదయిందా? పిట్ట అదే, బుద్ధి అదే. ఇక్కడా జొన్నకంకి పాలు పోసుకుందంటే చాలు, దండు దిగుతుంది. మంచె ఎక్కి వడిసెల తిప్పిన రైతు ఇల్లాలికి తెలుసు దాని సంగతి. కానీ ఇక్కడ తొర్ర కోసం దానితో పోట్లాడే గోరింక ఉంది, గుడ్లు తినే పాముంది, పిల్లల్ని తన్నుకుపోయే డేగ ఉంది. తరతరాలుగా అందరూ సర్దుకుని బతుకుతున్న చోటు ఇది. ఆ సర్దుబాటు లేని ఊరికి దాన్ని మోసుకెళ్ళిందెవరు? మనుషులే కదా!

చివరికి శిక్ష పడేది మాత్రం పిట్టకే. సీషెల్స్ దేశపు మాహే దీవిలో పంజరాల్లోంచి బయటపడ్డ చిలకలు పెరిగి, పక్క దీవిలో ఉన్న అరుదైన నల్లచిలకకు ముప్పు తెస్తాయని భయపడ్డారు. అది ఆ దేశపు జాతీయ పక్షి. ఏళ్ళ తరబడి వెంటాడి, కాల్చి, 2019కల్లా మాహేలో ఒక్కటి కూడా మిగల్లేదని ప్రకటించారు. తప్పని పనే కావచ్చు. అయినా ఎవరి ఇంట్లోనో ముద్దుగా మొదలైన కథ తుపాకీతో ముగిసింది.

ఇదంతా దూరదేశపు గొడవ అనుకోకండి. సంతలో, బజారు మూలల్లో చాటుగా చిలక పిల్లల్ని అమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం రామచిలకను పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం నేరం. రెక్కలు కత్తిరించిన పిల్లను జాలిపడి కొన్నా, అమ్మేవాడు ఇంకో తొర్రలో చెయ్యిపెడతాడు. కొనకుండా అటవీశాఖ వాళ్ళకు చెప్పడమే మేలు. ఇక ఇంట్లో విదేశీ పిట్టలుంటే, విసుగొచ్చి బయటికి వదిలెయ్యకండి. బతకలేకపోతే వాటికి కష్టం, బతికి పెరిగితే ఇక్కడి పిట్టలకు కష్టం.

పిల్లలు చిలక కావాలని మారాం చేస్తున్నారా? భద్రాచల రామదాసు పూర్వజన్మలో చిలకను పంజరంలో పెట్టినందుకే చెరసాల పాలయ్యాడన్న కథ చెప్పండి. పెరట్లో కాస్త చోటుంటే ఓ జామ అంటు నాటండి. రెండు, మూడేళ్ళలో కాపుకొస్తుంది. కింది కొమ్మల కాయలు మీరు కోసుకుని, పై కొమ్మలవి వదిలెయ్యండి. పిలవకుండానే వస్తాయి!