గోదావరి గట్టున దామెర్ల చిత్రశాల

పుష్కరస్నానమునకో, మేనకోడలి పెండ్లికో, పొలముపుట్రల పంపకములకో సముద్రములు దాటి రాజమహేంద్రవరము వచ్చెడి మనవారిలో, మార్కండేయస్వామిని దర్శించి, కోటిలింగాల రేవున కాళ్ళు కడిగికొని, గట్టు వెంబడి నడచుచు, దామెర్ల రామారావు పేరు గల చిత్రశాల పలకను చూచినంతనే లోనికి అడుగుపెట్టినవారు ఎందఱుందురో చెప్పజాలను. పెక్కుమంది చూడకయే పోవుదురనియే నా యనుమానము. రాజమండ్రి యనగా నన్నయభట్టు, వీరేశలింగము పంతులు, వంతెన, పూతరేకులు అను క్రమము మన నోళ్ళకు ఎంతగా అలవడినదనగా, ఆ వరుసలో ఒక చిత్రకారునికి చోటు చిక్కుట దుర్లభమైపోయినది.

గోదావరీమండలమున కళలకు ఆదరువు లేకుండెనని యెవ్వరును అనజాలరు. ధవళేశ్వరమున 1852లో ఆనకట్ట పూర్తియైన పిదప డెల్టా రైతు చేతికి వచ్చిన ధాన్యపు రాబడిలో కొంత బంగారమునకును, కొంత కోర్టు వ్యాజ్యములకును పోగా, మిగిలినది హరికథకును నాటకమునకును పాటకచ్చేరికిని చేరుచునే యుండెను. పిఠాపుర సంస్థానము కవిపండితులను పోషించెను. కాకినాడ సరస్వతీ గానసభ గత శతాబ్ద్యారంభము నుండియు గాయకులకు వేదిక నొసగెను. చిత్రకారునికి మాత్రము అట్టి సభ యేదియు లేదు. అతడు నాటక కంపెనీలకు దర్బారు తెరయు, అడవి తెరయు వ్రాయవలెను. కాదేని ఫొటో స్టూడియోలో చనిపోయినవారి ఛాయాపటములకు రంగులు పూయవలెను. అదియు లేనినాడు అంగళ్ళకు బోర్డులు వ్రాసికొనవలెను. గోడకు పటము కావలసిన గృహస్థు రవివర్మ అచ్చుబొమ్మను కొనితెచ్చుకొనెడివాడే గాని, తన వీధిలోని చిత్రకారుని తలుపు తట్టెడివాడు కాడు.

ఈ స్థితిని మార్చుటకు తొలుత పూనుకొన్నవాడు ఒక పరదేశీయుడు. 1909 మొదలు 1919 వఱకు రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్సు కళాశాల ప్రిన్సిపాలుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే, స్వయముగా కవియు చిత్రకారుడును అగుటచే, శిష్యులలో బొమ్మలు గీయు చేతులను వెదకి పట్టుకొనెను. అడివి బాపిరాజు, వరద వెంకటరత్నము, దామెర్ల రామారావు ఆ చేరదీతకు పాత్రులైరి. రామారావును అజంతాకు కొనిపోయి ఆ గుహాకుడ్యములను చూపించినదియు, బొంబాయి జె.జె. కళాశాలలో చదువునకు దారి చూపినదియు ఆయనయే. వినికిడి మందగించుటచే ఉద్యోగము విడిచి ఇంగ్లండు చేరిన పిదప కూడ, కూల్డ్రే తన స్వస్థలమైన ఆబింగ్డనులో కూర్చుండి గోదావరిని గూర్చియే వ్రాసెను. ఆయన దక్షిణదేశ జ్ఞాపకముల గ్రంథము 1924లో వెలువడెను. ఉన్నయూరిలో నుండి విడిచివచ్చిన యూరిని తలపోయు ఈ వ్యాధి మనకు క్రొత్తది కాదు గదా!

1897 మార్చి 8న రాజమండ్రిలో జన్మించిన రామారావు, 1920 నాటికి బొంబాయి చదువు ముగించుకొనెను. ఆ నగరమున ధనికులు కలరు, పత్రికలు కలవు, ప్రదర్శనశాలలు కలవు. ఆయన మాత్రము ఇంటికి తిరిగి వచ్చెను. ఆయన జీవితమున నాకు చిత్రముల కంటెను ముఖ్యముగా తోచునది ఈ తిరిగి వచ్చుటయే. వచ్చి ఊరకుండక, చిత్రకళాశాలను తెఱచి, మిత్రులతో కలిసి ఆంధ్ర సొసైటీ ఆఫ్ ఇండియన్ ఆర్ట్ అను సంఘమును నెలకొల్పెను. లాభాపేక్ష లేని ఆ సంఘము కోరినది చిన్నదియే: స్థానికులు నేర్చుకొనవలెను, గీయవలెను, గీసినదానిని పదిమందికి చూపవలెను. ఆయన సహధర్మచారిణి సత్యవాణియు, సోదరి బుచ్చికృష్ణమ్మయు కుంచె పట్టిరి. ఆ కాలమున మధ్యతరగతి ఇండ్ల స్త్రీలు చిత్రకారిణులగుట సామాన్య విషయము కాదు.

1922లో కలకత్తా ప్రదర్శనమున "సిద్ధార్థ రాగోదయము" బహుమాన మందుటతో ఆయన పేరు దేశమున వినబడెను. అప్పటి వంగీయుల నీటిరంగు చిత్రములలో కాగితమును మాటిమాటికి తడిపి రంగును కడుగుటచే ఒక మంచుతెఱ కమ్మినట్లుండును. రామారావు బొమ్మలలో ఆ మంచు పలుచన; మనుష్యులు గీతల హద్దులలో స్ఫుటముగా నిలుతురు. "పుష్పాలంకారము"నందలి స్త్రీల యెదుట కొంతసేపు నిలువబడి చూడుడు. సిగ యొరపు, చీరకట్టు, మెడ వంచిన తీరు మన పెరటి అరుగు మీద పూలు ముడుచుకొను ఆడపడుచులవి. అజంతా గుహలను చూచివచ్చిన కన్ను గోదావరి రేవునకు మరలినప్పుడు ఏమి చూచెనో ఆ పటము చెప్పును.

1925 ఫిబ్రవరి 6న మశూచికముచే ఆయన గతించెను. ఇరువది యెనిమిదేండ్లయినను నిండలేదు.

నిజమునకు సంస్థ చరిత్ర ఇచ్చటనే ఆరంభమగుచున్నది. స్థాపకుడు పోయిన సంఘములు మన దేశమున ఒక సంతాపసభతో ముగియుట వాడుక. ఇచ్చట అట్లు జరుగలేదు. ముప్పదికి పైబడిన తైలవర్ణ చిత్రములును, నూటికి మించిన నీటిరంగు చిత్రములును, స్కెచ్చి పుస్తకములును చెల్లాచెదరు కాకుండ సత్యవాణమ్మగారును మిత్రులును కాపాడిరి. వరద వెంకటరత్నము తానును పేరు గడింపదగిన చిత్రకారుడయ్యును, స్నేహితుని పేరిట నడచు బడిలో పిల్లలకు గీతలు దిద్దుటను జీవితకార్యముగా చేసికొని 1963లో కన్నుమూయునంతవఱకు దానిని విడువలేదు. రామారావు ప్రతిభను కొనియాడువారు పలువురు కలరు; వెంకటరత్నము ఓపికను గూర్చి వ్రాసినవారు స్వల్పము. ఇందు న్యాయము లేదని నా తలంపు.

తరువాత చిత్రశాలయు పాఠశాలయు ప్రభుత్వాధీనమైనవి. గోడలు, జీతములు, తాళములు దాని వలన సమకూడినవి. ఏటి తేమకు కాగితము బూజుపట్టు చోట ఇవి తక్కువవి కావు. అయితే ప్రదర్శనములు ఏర్పరచుట, ఒక పల్లెటూరి పిల్లవానిని పట్టుకొని అజంతాకు కొనిపోవుట జీతగాండ్ర పని కాదు, సంఘసభ్యుల పని. మఱియొక చిక్కు కూడ వచ్చినది. బోర్డులును తెరలును వ్రాసి పొట్టపోసికొనెడి చేతుల పనిని ఫ్లెక్సీ యంత్రము లాగికొన్నది.

కావున సముద్రముల కావలనున్న మన ప్రవాసాంధ్ర సంఘమునకు నా విన్నపములు రెండు. ఏటేట ఆ పాఠశాల విద్యార్థి నొక్కనిని అజంతాకు పంపు ఖర్చు మనము భరింపవచ్చును. మన విందులలో మిగిలిపోవు పులిహోర వెలకు మించదు. రాబోవు మహాసభ వేదిక వెనుక ఫ్లెక్సీకి బదులు, రాజమండ్రి చిత్రకారులు గుడ్డపై వ్రాసిన తెరను కట్టింపవచ్చును. చుట్టగా చుట్టినచో ఆవకాయ పొట్లముల ప్రక్కన పెట్టెలో పట్టును.