బొరియలో బ్రతికే రక్తం, బావిలో ఆగే ఊపిరి

మన కమలాపురం పొలాల్లో పందికొక్కును ఎరుగని రైతు ఉండడు. అది శనక్కాయలను బొరియలోకి మోసుకుపోయి, ద్వారాన్ని మట్టితో మూసుకుంటుంది. అలాంటి చోట ప్రాణికి ఊపిరి ఎలా ఆడుతుంది?

బయటి గాలిలో సుమారు 21 శాతం ఆక్సిజన్ ఉంటుంది. మూసిన బొరియలో అది తగ్గి, ఊపిరితో వదిలే కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. ఎప్పుడూ నేల లోపలే ఉండే జంతువుల రక్తం ఇందుకు తగినట్లు అమరి ఉంటుంది.

మన రక్తంలోని ఎర్ర కణాల్లో హిమోగ్లోబిన్ ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్‌ను ఎక్కించుకుని, అవయవాల దగ్గర దించుతుంది. డి.పి.జి. అనే పదార్థం దాని పట్టును కొంత సడలిస్తుంది. ఐరోపాలో మట్టి తవ్వుకుంటూ బ్రతికే మోల్ అనే చిన్న జంతువులో డి.పి.జి. ప్రభావం తక్కువ. అందువల్ల దాని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుని, చెడిన గాలి నుండి కూడా నింపుకోగలదు. తూర్పు ఆఫ్రికాలోని వెంట్రుకలు లేని మోల్ ఎలుక రక్తం కూడా ఇలాంటిదే. 2017లో వెలువడిన పరిశోధనలో ఈ ఎలుకలు ఆక్సిజన్ బొత్తిగా లేకుండా 18 నిమిషాలు తట్టుకున్నాయి.

మనకు ఆ శక్తి లేదు. ఎత్తైన కొండల మీద ఉంటే మనకూ ఎర్ర కణాలు పెరుగుతాయి గాని, అందుకు వారాలు పడుతుంది. పాడుబడిన బావిలో, సెప్టిక్ ట్యాంకులో అంత వ్యవధి ఉండదు. అక్కడ చెత్త కుళ్ళి ఆక్సిజన్ తగ్గిపోతుంది. గాలికంటే బరువైన కార్బన్ డయాక్సైడ్ అడుగున చేరుతుంది. దిగిన మనిషి కేక వేయకుండానే స్పృహ తప్పవచ్చు. ఎంత బలవంతుడైనా, ఎన్నిసార్లు దిగిన అనుభవం ఉన్నా రక్తం మారదు.

కాబట్టి ఈ మాటలు ఇంట్లో అందరికీ చెప్పండి:

1. పాత బావిలోకి, ట్యాంకులోకి దిగవద్దు, కూలి ఇచ్చి ఎవరినీ దింపవద్దు. సెప్టిక్ ట్యాంకులోకి రక్షణ లేకుండా మనిషిని దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది.
2. దీపం దించి చూసి, ఆరలేదని నమ్మవద్దు. విషవాయువుల సంగతి దీపం చెప్పదు. మండే వాయువు ఉంటే అంటుకుంటుంది.
3. లోపల ఎవరైనా పడిపోతే వెంట దిగవద్దు. కాపాడబోయినవారూ అక్కడే పడిపోతారు. 101కు, 108కు ఫోన్ చేయండి.
4. బయటికి తీశాక ఊపిరి లేకపోతే ఆలస్యం చేయక కృత్రిమ శ్వాస, గుండె నొక్కడం మొదలుపెట్టి, ఆసుపత్రికి తీసుకురండి.