పుచ్చకాయ చారల జఠరము

మహారాష్ట్ర సరిహద్దుకు చేరువనున్న కామారెడ్డి జిల్లా డోంగ్లి వంటి పల్లెలలో, “రక్తము తక్కువ” యని ఇనుము మాత్రలు మ్రింగు వృద్ధులు అరుదు కాదు. మాత్రలు వాడినన్నాళ్లు తేరుకొని, మానగానే మరల పాలిపోవుచున్నచో, రక్తము ఎచ్చటనో కారిపోవుచున్నదేమో చూడవలెను.

లెక్క వేసి చూడుడు. ఆహారమునుండి మన శరీరము దినమునకు గ్రహించు ఇనుము 1 లేక 2 మిల్లీగ్రాములు. ఆరోగ్యవంతుని రక్తము 1 మి.లీ.లో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము కలదు. దినమునకు 10 మి.లీ., అనగా రెండు చిన్న చెంచాల రక్తము పోయినచో 5 మిల్లీగ్రాముల ఇనుము పోవును. పంచాంగపు భాషలో చెప్పవలెనన్న ఆదాయము 2, వ్యయము 5! ఈ నష్టము కంటికి కానరాదు. జఠరమున కారిన రక్తము మలమును తారువలె నల్లబరచుటకు సాధారణముగా 50 మి.లీ.కి పైగా కావలెను. ఇనుము మాత్రలు సైతము మలమును నల్లబరచును గనుక రంగును బట్టి నిర్ణయించుట కష్టము.

ఇట్టి రహస్య రక్తస్రావమునకు పుండ్లు, కొంకిపురుగులు, కంతులు మొదలగునవి కారణములు. వీనికంటె అరుదైనది జఠరపు చివరి భాగమున సూక్ష్మ రక్తనాళములు ఉబ్బుట. దీనిని 1953లో మొదట వర్ణించిరి. 1957లో బేసిల్ హిర్షోవిట్జ్ వంగెడు గాజుపోగుల ఎండోస్కోపును నిర్మించిన పిదప జఠరమును నేరుగా చూచుట సులభమైనది. జఠరపు నిర్గమ ద్వారమునుండి వెలికి పరచుకొన్న ఎఱ్ఱని చారలను చూచి, 1984లో జబ్బారి, ఆయన సహచరులు దీనికి “పుచ్చకాయ జఠరము” అని పేరిడిరి. కాలేయము గట్టిపడిన వారిలోను, చర్మము బిగిసిపోవు స్క్లెరోడెర్మా రోగులలోను ఇది ఎక్కువ. మూలకారణము ఇంకను పూర్తిగా తేలలేదు.

చికిత్సలోని భౌతికశాస్త్రము విద్యార్థులకు రుచించును. ఎండోస్కోపులోని సన్నని గొట్టముద్వారా ఆర్గాన్ వాయువును పంపుదురు. గొట్టపు కొననున్న విద్యుద్ధ్రువము అధిక పౌనఃపున్య విద్యుత్తుతో ఆ వాయువును అయనీకరించును. అట్లేర్పడిన ప్లాస్మా, మెరుపు గాలిలో దారి చేసికొన్నట్లు, కణజాలమును తాకకయే దానికి విద్యుత్తును అందించును. అచ్చట పుట్టిన వేడిమికి నాళములు గడ్డకట్టి మూసికొనును. కాలిన చోటు ఎండగానే దాని విద్యున్నిరోధము పెరుగును. అందుచే విద్యుత్తు ప్రక్కనున్న తడిచోటికి మరలును. కావుననే కాలుట సాధారణముగా 2, 3 మిల్లీమీటర్ల లోతుతో ఆగును. జఠరపు గోడ పలుచన గనుక ఈ గుణము మిగుల ముఖ్యము. ఐనను వాయువుతో కడుపు ఉబ్బకుండ మధ్యమధ్య పీల్చివేయవలెను. 1991లో జర్మనీలో ఈ పద్ధతిని ఎండోస్కోపుకు జోడించిరి.

ఒక్కసారితో పని ముగియుట అరుదు; కొన్ని వారముల యెడమిచ్చి పలుమారులు చేయుదురు. చారలు తగ్గనిచోట రబ్బరు వలయములతో ఆ పొరను బిగించు పద్ధతియు కలదు. డోంగ్లివారికి ఇట్టి వైద్యమునకు హైదరాబాదు దిక్కు. ఎండోస్కోపీ విద్యలో ప్రపంచఖ్యాతి నందిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీ అచ్చటనే యున్నది. దాని స్థాపకులు డాక్టరు డి. నాగేశ్వరరెడ్డి 2025లో పద్మవిభూషణ్ పొందిరి.

చికిత్సానంతరము ఇనుము మాత్రలు వెంటనే మానరాదు. తరిగిన నిల్వలు నిండుటకు నెలలు పట్టును. నడుమ నడుమ హిమోగ్లోబిన్ పరీక్షింతురు. అది మరల పడిపోయినచో ఎండోస్కోపుతో మరియొకసారి చూడవలసి వచ్చును.