తలకు సరిపోయే హెల్మెట్

జనగామ పక్క ఊళ్లలో తెల్లారకముందే పాల క్యాన్లు బండ్లెక్కుతాయి. మహబూబాబాద్ తండాల నుంచి మిరపకాయ ఏరడానికి పోయేవాళ్లు ఒక్క బండి మీద ముగ్గురు కూర్చుంటారు. భూపాలపల్లిలో బాయి పనికి పోయేవాళ్ల బండ్లు మూడు షిఫ్టులూ తిరుగుతూనే ఉంటాయి. ఒకప్పుడు ఊరికి రెండో మూడో బండ్లు ఉండేవి. ఇప్పుడు వాడకు పది కనబడతాయి.

బండి వచ్చింది. మరి తలకు కాపు వచ్చిందా?

రోడ్డు మీద నిలబడి చూడండి. ముందు కూర్చున్న మగమనిషికి హెల్మెట్ ఉంటుంది. అది తల మీద ఉండదు. బండి అద్దానికి వేలాడుతుంది. పోలీసులు కనబడే మలుపు దగ్గర తల మీదికి ఎక్కుతుంది. వెనుక కూర్చున్న ఆడమనిషికి అదీ లేదు. ఆమెకు ఒళ్లో బిడ్డ, చేతిలో సంచి, తల మీద కొంగు.

"నాకు గూడ ఒకటి కొనరాదు?" అని ఆమె అడుగుతుంది.

"బండి నడిపేది నేను. నువ్వు ఎనుక కూసునేదానివి. నీకెందుకే?" అంటాడు ఆయన.

ఎందుకో లెక్క చూద్దాం. 2022లో మన దేశంలో హెల్మెట్ పెట్టుకోకుండా బండి ప్రమాదాల్లో చనిపోయినవారు 50,029 మంది. ఇది కేంద్ర రోడ్డు రవాణా శాఖ వేసిన లెక్క. వారిలో బండి నడిపినవారు 35,692 మంది. వెనుక కూర్చున్నవారు 14,337 మంది. ఈ రెండు అంకెలనూ పలక మీద కూడి చూడండి. సరిపోతాయి. వెనుక కూర్చుంటే దెబ్బ తగలదు అనే మాట నిజమైతే రెండో అంకె సున్నా ఉండాలి.

తలకు దెబ్బ ఎట్లా తగులుతుంది?

మెదడు మెత్తగా ఉంటుంది. బరువు కిలో మూడు వందల గ్రాములకు అటూ ఇటూ. దాని చుట్టూ గట్టి పుర్రె ఉంటుంది. బస్సు బ్రేకు వేసినప్పుడు నిలబడ్డవాళ్లు ఏమవుతారు? బస్సు ఆగుతుంది, మనుషులు ముందుకు తూలతారు. తల నేలకు కొట్టుకున్నప్పుడూ అంతే. పుర్రె టక్కున ఆగుతుంది. లోపల మెదడు ఆగదు. అది పోయి పుర్రెకు కొట్టుకుంటుంది. పైన గాయం కనబడదు. నెత్తురు లోపల కారుతుంది. "మంచిగనే మాట్లాడిండు, ఇంటికొచ్చినంక పడిపోయిండు" అని చెప్పుకునే చావులు ఇట్లాంటివే.

బండి మెల్లగా పోతే ఏం కాదు అనుకుంటారు. బండి మీద కూర్చున్న మనిషి తల నేల నుంచి సుమారు ఐదు అడుగుల ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తు నుంచి ఏ వస్తువు పడినా నేలను తాకేసరికి దాని వేగం గంటకు 20 కిలోమీటర్ల దాకా వస్తుంది. అంటే బండి ఆగి ఉన్నా, పక్కకు ఒరిగి తల రోడ్డుకు తగిలితే చాలు. మన ఊళ్లలో ఇంకో సంగతి ఉంది. కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. చుట్టూ రాళ్లు పెడతారు. పైన నల్ల పట్టా కప్పుతారు. చీకట్లో అది కనబడదు. బండి జారడానికి వేగం అక్కర్లేదు.

హెల్మెట్ లోపల ఏముంది?

నెత్తి మీద నీళ్ల బిందె పెట్టుకునేటప్పుడు చుట్టబట్ట పెట్టుకుంటాం. బిందె బరువు ఒక్కచోట పడకుండా అది నలుదిక్కులా పంచుతుంది. హెల్మెట్ పని కూడా కొంత అట్లాంటిదే.

పైన గట్టి డిప్ప ఉంటుంది. అది దెబ్బను ఒక్కచోట దిగనీయదు. రాయి గుచ్చుకోనీయదు. దాని లోపల తెల్లగానో నల్లగానో థర్మాకోల్ లాంటి పొర ఉంటుంది. టీవీ డబ్బాలో వచ్చే థర్మాకోల్ కన్నా గట్టిది. అసలు ప్రాణం కాపాడేది ఈ పొరే. దెబ్బ తగిలినప్పుడు అది నలిగిపోతుంది. అది నలిగేంత సేపట్లో తల కొంచెం మెల్లగా ఆగుతుంది. రెప్పపాటులో వందో వంతు ఎక్కువ సమయం దొరికినా మెదడుకు అది చాలా ఎక్కువ. ఈ పొర లోపల మెత్తటి గుడ్డ దిండ్లు ఉంటాయి. అవి సుఖానికి, బిగువుకు. గడ్డం కింద పట్టీ ఉంటుంది.

భూపాలపల్లి అక్కలు ఒక మాట అడుగుతారు. "మా ఆయన బాయిలకు పోయేటప్పుడు పెట్టుకునే టోపీ ఉన్నది గద, అది సాలదా?" చాలదు. గని టోపీ పైనుంచి పెళ్ల రాలితే కాపాడటానికి చేసింది. బండి మీద నుంచి పడితే దెబ్బ పక్కనుంచి, వెనుక నుంచి, ముఖం మీద కూడా తగులుతుంది. గని టోపీలో ఆ మందం పొర ఉండదు. తలను చెవుల దాకా కప్పదు. బాయిలో దానికదే మంచిది. రోడ్డు మీద ఇదే కావాలి.

ఈ హెల్మెట్ వాడకం వెనుక ఒక కథ ఉంది. 1935లో ఇంగ్లాండులో లారెన్స్ అనే పేరున్న సైనికుడు మోటారు సైకిల్ మీద నుంచి పడ్డాడు. తలకు దెబ్బ తగిలింది. ఆరు రోజులకు చనిపోయాడు. అతన్ని చూసిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు డాక్టరు ఉన్నాడు. ఈ చావు ఆయన మనసులో ఉండిపోయింది. తర్వాత యుద్ధం వచ్చింది. సైన్యంలో ఉత్తరాలు మోసే బండి సిపాయిలు చాలామంది తలకు దెబ్బ తగిలి చనిపోయేవారు. ఆయన ఆ దెబ్బలన్నీ పరీక్షించి 1941లో రాశాడు. హెల్మెట్ ఉన్నవారికి దెబ్బ తేలికగా తగులుతున్నదని చూపించాడు. ఆ తర్వాత సైన్యం బండి సిపాయిలకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. 2008లో ప్రపంచంలోని 61 పరిశోధనలను ఒకచోట చేర్చి చూశారు. హెల్మెట్ వల్ల తల దెబ్బల ముప్పు 69 శాతం తగ్గుతుంది, చావు ముప్పు 42 శాతం తగ్గుతుంది అని తేలింది. నూటికి నూరు కాదు. హెల్మెట్ ఉన్నా చనిపోయినవారు ఉన్నారు. ఆ మాట దాచిపెట్టకూడదు.

కొట్టులో ఏం చదవాలి?

అక్షరాలు నేర్చుకున్నందుకు ఇక్కడ పని పడుతుంది. హెల్మెట్ వెనుక ఒక ముద్ర ఉంటుంది. దాన్ని ఐఎస్ఐ ముద్ర అంటారు. అవి ఇంగ్లీషు అక్షరాలు. రాకపోయినా గుర్తు పట్టవచ్చు. ఒక నిలువు గీత, మధ్యలో పాము వంకర, మళ్లీ ఒక నిలువు గీత. దాని పైన 4151 అనే అంకె ఉండాలి. బండి హెల్మెట్లకు ప్రభుత్వం పెట్టిన నాణ్యత నియమం నంబరు అది. ముద్ర కింద కంపెనీ లైసెన్సు నంబరు ఉంటుంది. ఇంట్లో పెద్ద ఫోను ఉంటే బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ నంబరు కొట్టి చూడవచ్చు. ముద్ర నిజమో దొంగదో తెలుస్తుంది. చదువుకునే పిల్లలను అడిగితే రెండు నిమిషాల్లో చూసిపెడతారు.

2021 జూన్ 1 నుంచి ఈ ముద్ర లేని హెల్మెట్ అమ్మడమే నేరం. అయినా రోడ్డు పక్క తాళ్లకు వేలాడదీసి అమ్ముతూనే ఉన్నారు. వాటిలో కొన్నింటికి లోపల థర్మాకోల్ పొరే ఉండదు. పలుచటి స్పంజి ఉంటుంది. ఒక వేలితో నొక్కితే డిప్ప తగులుతుంది. అది ఎండకు పనికొస్తుంది, దెబ్బకు పనికిరాదు. రెండు వందలు మిగిలాయని సంతోషపడితే ఆ రెండు వందలూ దండగే.

ఇంకొకటి తెలుసుకోండి. కొత్త బండి కొన్నప్పుడు దానితోపాటు హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఉంది. అది 138వ నియమం. షోరూములో అడిగి తీసుకోండి. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ నడిపేవారికీ వెనుక కూర్చునేవారికీ ఇద్దరికీ హెల్మెట్ ఉండాలంటుంది.

కొలత ఎట్లా తీసుకోవాలి?

చాలా ఇండ్లలో ఆయన పాత హెల్మెట్‌నే ఆమె పెట్టుకుంటుంది. అది ఆమెకు వదులుగా ఉంటుంది. బండి పడితే తలకన్నా ముందు హెల్మెట్ ఎగిరిపోతుంది. జాకెట్టు ఎవరిది వారికే కుట్టిస్తాం కదా. ఇదీ అంతే.

బట్టలు కుట్టే టేపు తీసుకోండి. కనుబొమ్మల మీద ఒక అంగుళం పైకి పెట్టండి. చెవుల పైనుంచి వెనక్కి తిప్పండి. తల వెనుక ఉబ్బెత్తుగా ఉన్నచోటి మీదుగా చుట్టి తీసుకురండి. ఇంకొకరు పట్టుకుంటే కొలత సరిగా వస్తుంది. టేపుకు ఒకవైపు అంగుళాలు, ఇంకోవైపు సెంటీమీటర్లు ఉంటాయి. సెంటీమీటర్లే చూడండి. టేపు లేకుంటే దారంతో కొలిచి, ఆ దారాన్ని స్కేలు మీద పెట్టండి. జడ వేసుకునే కొలవాలి. బండెక్కినప్పుడు ఎట్లా ఉంటారో అట్లాగే.

హెల్మెట్ లోపల సైజు రాసి ఉంటుంది. కొందరు 58 అని సెంటీమీటర్లలో రాస్తారు. కొందరు 580 అని మిల్లీమీటర్లలో రాస్తారు. రెండూ ఒకటే. చాలా కంపెనీల్లో 58 అంటే మీడియం, 60 అంటే లార్జ్. కానీ కంపెనీకి కంపెనీకి తేడా ఉంటుంది. అంకె చూసి ఊరుకోకుండా తల మీద పెట్టి చూడాలి.

జనగామలో ఒక కొట్టు అనుకోండి. ఒక అక్క వచ్చింది. హెల్మెట్ పెట్టుకుంది.

"గట్టిగున్నది తమ్మీ. చెంపలు ఒత్తుతున్నయి" అంది.

"అయితే పెద్దది ఇస్త తీయక్కా. సుకంగ ఉంటది" అన్నాడు కొట్టు అబ్బాయి.

ఇక్కడే చాలామంది మోసపోతారు. పిల్లవాడు మోసం చేయాలని చెప్పలేదు. వాడికీ తెలియదు. కొత్త హెల్మెట్ చెంపలను కొంచెం ఒత్తాలి. కొన్ని వారాలు వాడితే లోపలి దిండ్లు అణిగి వదులవుతాయి. కొన్ననాడే సుఖంగా ఉంటే రెండు నెలలకు గిరగిరా తిరుగుతుంది. కానీ నుదురు నొప్పి పుట్టకూడదు. అందుకే కొట్టులోనే పది నిమిషాలు తల మీద ఉంచుకోండి. అమ్మేవాడు విసుక్కుంటే విసుక్కోనీయండి. తీసిన తర్వాత అద్దంలో చూసుకోండి. నుదుటి మీద ఎర్రగా గీత పడి నొప్పిగా ఉంటే అది మీ తలకు కాదు.

పెట్టుకున్నప్పుడు దాని అంచు కనుబొమ్మల పైకి రావాలి. వెనక్కి తోసి పెడితే నుదురు బయటపడుతుంది. రెండు చేతులతో పట్టుకుని ఎడమకు కుడికి తిప్పండి. హెల్మెట్‌తో పాటు చెంపల చర్మం కూడా కదలాలి. హెల్మెట్ ఒక్కటే తిరిగితే వదులు అని అర్థం. తర్వాత గడ్డం కింద పట్టీ బిగించండి. పట్టీకి, గడ్డానికి మధ్య రెండు వేళ్లు దూరాలి, మూడోది దూరకూడదు. ఇప్పుడు ఇంకొకరిని వెనుక నిలబెట్టి, హెల్మెట్ వెనుక అంచు పట్టి ముందుకు ఎత్తమనండి. అది ఊడి వచ్చిందా? వద్దు. ఎంత తక్కువ ధరకు ఇచ్చినా వద్దు. ఈ ఒక్క పరీక్ష మిగిలిన అన్నిటికన్నా ముఖ్యం.

ఇక కొప్పు సంగతి. నడినెత్తిన కొప్పు పెడితే హెల్మెట్ దిగదు. పైనే తేలుతుంది. జడ వేసి మెడ మీదికి వదలాలి. పెద్ద క్లిప్పు తీసేయాలి. క్లిప్పు మీద దెబ్బ పడితే అదే తలలో దిగుతుంది. బుట్ట కమ్మలు చెవికి గుచ్చుకుంటాయి. చెమటకు పలుచటి నూలు గుడ్డ కట్టుకోవచ్చు. మందపు స్కార్ఫు కట్టుకుంటే బిగువు పోతుంది. పాలకుర్తి జాతరకో కురవి జాతరకో పోయేటప్పుడు పూలు పెట్టుకోవాలని ఉంటుంది. పూలు సంచిలో పెట్టుకుని గుడి దగ్గర దిగి పెట్టుకోవచ్చు. చీర కొంగు, చున్నీ చక్రంలో పడకుండా నడుముకు దోపుకోవడం మరవొద్దు. హెల్మెట్ దాన్ని ఆపలేదు.

పిల్లలకు పెద్దవాళ్ల హెల్మెట్ పెట్టకూడదు. వారి తలకు సరిపోయేది విడిగా దొరుకుతుంది. నాలుగేండ్లు దాటిన పిల్లలకు చట్టం ప్రకారం హెల్మెట్ ఉండాలి. తొమ్మిది నెలల నుంచి నాలుగేండ్ల లోపు పిల్లలకు 2023 ఫిబ్రవరి 15 నుంచి ఒక నియమం ఉంది. బిడ్డకు సరిపోయే హెల్మెట్ ఉండాలి. బిడ్డను నడిపేవారికి కట్టి ఉంచే బెల్టు ఉండాలి. బండి 40 కిలోమీటర్ల వేగం దాటకూడదు.

కొన్న తర్వాత

హెల్మెట్‌ను ఎండలో వదలొద్దు. పెట్రోలుతో, కిరోసిన్‌తో తుడవొద్దు. అవి డిప్పను, లోపలి పొరను తింటాయి. సబ్బు నీళ్లు చాలు. బండి అద్దానికి వేలాడదీస్తే లోపలి పొరకు గుంట పడుతుంది. సంతలో దాన్ని బోర్లించి ముక్కాలిపీటలా కూర్చునేవాళ్లూ ఉన్నారు.

ఒకసారి గట్టి దెబ్బ తగిలితే ఆ హెల్మెట్ పని అయిపోయినట్టే. పైన గీత కూడా పడకపోవచ్చు. లోపలి పొర నలిగి ఉంటుంది. నలిగింది మళ్లీ లేవదు. దెబ్బ తగలకపోయినా మూడు నుంచి ఐదేండ్లకు మార్చాలని చెబుతారు.

రోడ్డు మీద ఎవరైనా పడి ఉంటే ముందు 108కి ఫోను చేయండి. మెడ విరిగి ఉండవచ్చు. అందుకే హెల్మెట్ పట్టుకుని గుంజకండి. ఊపిరి ఆడుతున్నదా చూడండి. ఆడకపోతేనే ఒకరు మెడను కదలకుండా పట్టుకుని, ఇంకొకరు మెల్లగా తీయాలి.

పాత హెల్మెట్ ఎవరికీ దానం ఇవ్వొద్దు. పారేసినా ఎవరో ఏరుకుని పెట్టుకుంటారు. కాబట్టి దాని పట్టీ కత్తిరించండి. పట్టీ లేనిదాన్ని ఎవరూ తల మీద పెట్టుకోరు. పెరట్లో బోర్లా కాకుండా వెల్లకిలా పెట్టి కాస్త గడ్డి వేస్తే, కోడిపెట్ట వచ్చి గుడ్లు పెడుతుంది.