ఓటమి ఎవరిది?

విశాఖపట్టణమున పూర్ణా మార్కెట్టులో కూరలు కొనువారు ఇంటికి వచ్చి చూచుకొనగా కుళ్లిన వంకాయలు బయటపడినచో గంపను నిందింపరు. ఏరి తూచినవానినే అడుగుదురు. ఇంత తెలిసినవారమయ్యును, కాలిబంతి పోటీలో మన జట్టు ఓడినపుడు ఈ న్యాయమును మఱచుచున్నాము. గోలు తప్పినవానిని తిట్టి తృప్తినొందుచున్నాము. ఎవనిని ఎచ్చట నిలుపవలెనో నిర్ణయించిన శిక్షకుని సంగతి యెత్తుట లేదు.

1952లో హెల్సింకీ ఒలింపిక్సునందు భారతజట్టు యుగోస్లావియా చేతిలో 10–1 గోలులతో ఓడెను. మనవారిలో పెక్కుమంది చలిలో వట్టికాళ్లతో ఆడిరి. మనదేశమున ఆట 90 నిమిషములకంటె తక్కువగనుండుటచే పూర్తికాలపు ఆటకు వారలవాటుపడియుండలేదు. ఇది ధైర్యలోపము కాదు, సన్నాహలోపము. ఆ జట్టు శిక్షకుడు హైదరాబాదు వాస్తవ్యుడు, వృత్తిచే ఉపాధ్యాయుడు నగు సయ్యద్ అబ్దుల్ రహీము. ఆయన చలిపై నెపము మోపి యూరకుండలేదు. ఓటమినే పాఠముగా గైకొని వ్యూహమును మార్చెను. 1956లో మెల్‌బోర్నునందు మనవారు ఆస్ట్రేలియాను 4–2తో గెలిచి, నాలుగవ స్థానమునందిరి.

1962లో జకార్తా ఆసియా క్రీడలందు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2–0తో ఓడించెను. సెప్టెంబరు 4వ తేదీన అంతిమ పోటీలో మరల ఆ జట్టే యెదురయ్యెను. రక్షకుడగు జర్నైల్ సింగు తలకు గాయమైయుండగా రహీము అతనిని ముందువరుసకు పంపెను. జబ్బుపడి లేచిన తంగరాజును గోలువద్ద నిలిపెను. పి.కె. బెనర్జీయు, జర్నైల్ సింగును చెరియొక గోలు చేయగా మనవారు 2–1తో జయించిరి. అప్పటికే వ్యాధిపీడితుడైయున్న రహీము 1963 జూన్ 11న దివంగతుడయ్యెను.

అయినను శిక్షకునిపై భారమంతయు మోపువారికి మేమొక మాట చెప్పవలసియున్నది. అధికారము లేని బాధ్యత యెట్టిదో ద్వంద్వప్రభుత్వమునాటి మంత్రులను చూచినవారెఱుగుదురు. జట్టునెంచు హక్కును, సాధనకు వలయు కాలమును ఇయ్యక ఫలితమునడుగుట అన్యాయము. అవి యిచ్చినపిమ్మట మాత్రము అతడు సమాధానము చెప్పితీరవలెను: ఎదుటిజట్టు బలమును ముందుగా చూచితివా? ఏల ఈ వ్యూహమును పన్నితివి? అది విఫలమగుచుండగా ఆటనడుమ ఏమి మార్చితివి?

ఓడిన శిక్షకుని వెంటనే తొలగించుట సులభము. ఓటమినుండి అతడేమి నేర్చెనో విచారించుట కష్టము. హెల్సింకీ పరాభవము పిమ్మట రహీమును సాగనంపియుండినచో జకార్తా విజయము మనకు దక్కియుండునా? పూర్ణా మార్కెట్టు బేరగాండ్రకున్నపాటి వివేకమును మన క్రీడాసంఘములు చూపుగాక యని మా కోరిక.