నిర్మాల్యం నేలకు చేరే దారి

నిర్మాల్యాన్ని నలుగురూ తొక్కే చోట వేయరాదని, పారే నీటిలోనో చెట్టు మొదట్లోనో వేయాలని మన పెద్దలు నియమం పెట్టారు. నేడు చెరువులో వేస్తే పూలు కుళ్లి నీటిలోని ప్రాణవాయువును హరిస్తాయి; ప్లాస్టిక్ దారాలు అడుగున మిగులుతాయి. ఇక ఉన్నది చెట్టు మొదలే. ఇబ్రహీంపట్నం పరిసరాల్లో కూరగాయలు పండించే రైతుగా, ఆ దారిలో నేను నేర్చుకున్నది భక్తులకు విన్నవిస్తున్నాను.

మా ఎర్రచల్క నేలలో సేంద్రియ పదార్థం తక్కువ. వాన వెలిసిన నాలుగు రోజులకే తేమ ఆరిపోతుంది. ఇటువంటి నేలకు ఎరువు పోషకమే కాదు, నీటిని పట్టి ఉంచే ఆధారం కూడా. అయితే ఎరువులన్నీ ఒకటి కావు. చివికిన పశువుల ఎరువులో నత్రజని సుమారు 0.5 శాతం, వానపాముల ఎరువులో సాధారణంగా 1 నుంచి 1.5 శాతం; కోళ్ల ఎరువులో 3 శాతం వరకు. అంటే 5 టన్నుల పశువుల ఎరువు ఇచ్చే 25 కిలోల నత్రజనిని 850 కిలోల కోళ్ల ఎరువే ఇవ్వగలదు. ఈ లెక్కకే నేను మోసపోయాను. పచ్చి కోళ్ల ఎరువును టమాటా నారు మొదట్లో వేస్తే వారంలోనే మొక్కలు మాడిపోయాయి. మరుసటి ఏడు సగం చివికిన వరిగడ్డిని దున్నించాను. ఈసారి మాడలేదు, ఆకులు పసుపెక్కాయి.

కారణం తరువాత తెలిసింది. ఎరువును తయారుచేసే సూక్ష్మజీవులకు కర్బనం, నత్రజని రెండూ కావాలి. ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ల కర్బనం ఉంటే కుప్ప చక్కగా మాగుతుంది. వరిగడ్డిలో కర్బనం 70, 80 పాళ్లు. కొబ్బరి పొట్టులో 100 దాటుతుంది. వాటిని పచ్చిగా నేలలో కలిపితే సూక్ష్మజీవులు పైరుకు అందవలసిన నత్రజనినే లాక్కుంటాయి. కోళ్ల ఎరువుది దీనికి తారుమారు. అధికమైన నత్రజని అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. ఆ ఘాటు వాసన రైతు డబ్బు పోతున్న వాసనే.

పూలు ఈ రెంటికీ నడుమ ఉంటాయి. బంతి, చామంతి త్వరగా చివుకుతాయి గాని వాటిలో నీరే ఎక్కువ. ఒంటిగా కుప్ప పోస్తే ముద్దై, గాలి ఆడక కంపు కొడతాయి. అందుచేత జానెడు మందాన ఎండుగడ్డి, దానిపై పూలు, ఆపై పేడనీళ్లు, ఇలా పొరలు వేస్తాను. 15 రోజులకొకసారి తిరగేస్తాను. పిడికిట పిండితే చేయి తడవాలి, నీరు కారరాదు. మూడు నాలుగు నెలలకు నల్లగా, తొలకరి మట్టి వాసనతో ఎరువు దిగుతుంది. అనుమానముంటే కుండీలో ఆ ఎరువు కలిపి పది మెంతి గింజలు వేస్తాను. మొలకలు మాడితే మరికొన్నాళ్లు ఆగవలసిందే. కొబ్బరి పీచును మాత్రం కుప్పలో కలపను. అది చివకడానికి చాలా కాలం పడుతుంది గనుక చెట్ల పాదుల్లో కప్పుగా పరుస్తాను.

బలంలో ఈ నిర్మాల్యపు ఎరువు కోళ్ల ఎరువుకు సాటిరాదు. అయినా తేమ నిలవని మా చల్కకు నేను దీనినే ఎంచుకుంటాను.

పట్టణ చెత్తతో చేసే ఎరువులో సీసం కిలోకు 100 మిల్లీగ్రాములు మించరాదని 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద కట్టడి ఉంది. చెత్తలో బ్యాటరీలూ రంగులూ కలుస్తాయి కదా. ఆలయపు పూలలో ఆ భయం తక్కువ. కాని మాలల్లో జరీ పోగులు, ప్లాస్టిక్ దారం, కర్పూరపు కవర్లు వస్తున్నాయి. గత నెల ఒక్క కుప్ప నుంచి వాటిని ఏరడానికే ఇద్దరికి ఒక పూట పట్టింది. మాల సమర్పించే దాతలు అరటినారతోనో నూలు దారంతోనో కట్టించగలిగితే, ఆ పూట మేము మరో కుప్ప తిరగేసుకుంటాము.